కార్డు మీది పేరు

అత్త మంగవ్వ కుక్కకు జొన్నరొట్టె పెట్టిన పొద్దుననే గంగామణికి అనుమానం పుట్టింది.

ఏడు నెలలుగా ఆ చెయ్యి ఆ కుక్క వైపు చాచింది లేదు. చాచినా చీపురుతోనే. అలాంటిది ఇవాళ రొట్టె తుంచి, పాలలో నానబెట్టి, గిన్నె ముందుకు జరిపి "తిను, తిను" అంటోంది. సంతకు తోలే మేకకే ముందురోజు మేత ఎక్కువ పడుతుంది. గంగామణి గడపలో నిలబడి చూసింది గానీ ఏమీ అనలేదు. అనడం ఆమెకు అలవాటు లేదు.

వేల్పూర్‌లో ఐదో తరగతి దాకా చదివి, పసుపు తవ్వకాలప్పుడు తల్లి వెంట చేనుకు పోయి, మళ్లీ బడి మొహం చూడని పిల్ల. పంతొమ్మిదో ఏట ఆర్మూర్‌లోని ఈ ఇంటికి, మిలిటరీలో ఉన్న రంజిత్‌కు ఇచ్చారు. అతని సెలవులే ఆమె కాపురం. మిగిలిన రోజుల్లో ఆ ఇంట్లో మాటా, నవ్వూ అన్నీ కూతురు అంకితవే. మూడేళ్ల కింద పసుపు కల్లం దగ్గర దొరికిన తెల్ల కుక్కపిల్లను ఒళ్లో వేసుకొచ్చి లడ్డు అని పేరు పెట్టింది ఆ పిల్లే.

పోయిన వానాకాలం అంకితకు జ్వరం వచ్చింది. డాక్టరు "ఏం కాదమ్మా" అన్నాడు. ఫోనులో రంజిత్ "ఏం గాదు, ఫికర్ చెయ్యకు" అన్నాడు. వాడకట్టంతా అదే మాట. ఆరో రోజు పిల్ల పోయింది. ఎనిమిదేళ్లు నిండలేదు. ఆ మాట అనని ప్రాణి లడ్డు ఒక్కటే. అంతకు ముందటి సందెవేళ అది వాకిట్లో కూర్చుని, మోర పైకెత్తి ఏడ్చింది.

"గది ఏడ్సుడుతోనే నా మన్మరాలు పోయింది" అని మంగవ్వ కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంది.

గంగామణి మాత్రం "ఏం గాదు" అనే మాటను నమ్మడం మానేసింది. పాలల్లో నీళ్లు కలపలేదంటే వేలు ముంచి చూస్తుంది. గ్యాస్ బంద్ చేశానని అత్త చెప్పినా లేచిపోయి చూసుకుంటుంది.

ఇన్నేళ్లకు రంజిత్‌కు పుణెలో ఫ్యామిలీ క్వార్టర్ దొరికింది. సామాను చంద్రయ్య లారీలో పోవాలని తేలింది. చంద్రయ్య గంగామణికి పెదనాన్న కొడుకు, పసుపు బస్తాలు పుణె దాకా తోలుతాడు. బస్తాల వెనక బీరువా, మంచం, డబ్బాలు. ముందు క్యాబిన్‌లో గంగామణి, లడ్డు.

"కుక్కను తెచ్చుడు అల్కనే, కష్టమేం లేదు. టీకాల కార్డు మాత్రం మర్శిపోకు. క్వార్టర్ల గేటు కాడ సూపియ్యకుంటే లోపలికి రానియ్యరు" అని రంజిత్ ఫోనులో చెప్పినప్పుడు, మంగవ్వ పక్కనే ఎల్లిపాయలు ఒలుస్తూ కూర్చుంది. చేతులు ఆగాయి. అదీ గంగామణి చూసింది.

రొట్టె పెట్టిన రోజు మధ్యాహ్నం చంద్రయ్య సామాను చూసుకోవడానికి వచ్చాడు. మంగవ్వ అతన్ని గోడ పక్కకు పిలిచింది. గంగామణి బట్టలు పిండుతూ చెవి అటే వేసింది.

"పోచంపాడ్ కాడ, గోదారి ఒడ్డుకు జర లారీ ఆపుతవా బిడ్డా?"

"ఆపుత గని, ఎందుకు పెద్దమ్మా?"

"మెల్లగ మాట్లాడు. కుక్క సంగతి."

ఆ తరవాత అంతా గుసగుసే. చివరికి చంద్రయ్య నవ్వాడు. "గంతేనా? గదెంత పని!"

గంగామణి చేతిలోని చీర బకెట్‌లో జారింది. తడిచేతులతోనే లోపలికి పోయి, అంకిత బడి సంచి తెరిచింది. కార్డు ఎప్పుడూ అందులోనే ఉంటుంది. లేదు. పుస్తకాలన్నీ దులిపింది. లేదు.

బయటికి వచ్చి అత్త ఎదురుగా నిలబడింది.

"అత్తమ్మా, లడ్డు కార్డేది?"

"నన్నడుగుతవేందే?"

అంటూ మంగవ్వ కొంగు సర్దుకుంది. కొంగు కింద కాగితం చప్పుడైంది.

"నీ కొంగుల ఏమున్నది?"

పదమూడేళ్లలో అత్తను అలా నిలదీయడం అదే మొదలు. మంగవ్వ నోరు తెరిచి చూసింది.

"దొంగను పట్టినట్టు పట్టినవ్ గదనే!"

"గేటు కాడ కుక్కను ఆపాల్నని దాసినవ్. దార్ల గోదారి కాడ ఇడిశిపెట్టమని మా అన్నకు చెప్పినవ్. గది వస్తే నీ కొడుకింట్ల మల్ల ఏడుస్తదని నీ భయం."

"భయమే! వాడు బందూకు వట్టుకొని తిరిగెటోడు. కన్నదాన్ని, నాకు భయముండదా?" మంగవ్వ కొంగులోంచి ఒకటి కాదు, రెండు కార్డులు తీసింది. ఒకటి కొత్తది. "పొద్దుగాల పశువుల దవాఖానకు పోయిన. పాతదాంట్ల, కుక్క ఎవరిదన్న కాడ ఏం రాసున్నదో ఎన్నడన్న సూసినవా?"

గంగామణి చూడలేదు. టీకా తేదీలు మాత్రమే చూసేది. ఇప్పుడు చూసింది. వంకర అక్షరాలు, సున్నా అన్నిటికంటే పెద్దది. అంకిత.

"టీకా ఏయించిననాడు నేనే తోలుకపోయిన. నీ కుక్కేనా, అయితే నువ్వే రాయ్ అని కంపౌండరు పిల్లకు పెన్ను ఇచ్చిండు. నా ముంగటనే రాసింది." మంగవ్వ గొంతు తగ్గింది. "గేటు కాడ ఎవడన్న గీ అంకిత ఎవరు, యాడున్నది అని అడిగితే నువ్వేం చెప్తవ్? నా కొడుకేం చెప్తడు?"

కొత్త కార్డు మీద రంజిత్ పేరు ఉంది. గంగామణి దాన్ని తీసుకుని, తేదీలన్నీ సరిగ్గా దించారో లేదో వేలు పెట్టి చూసుకుంది. ఆ తరవాత పాతదాని కోసం చెయ్యి చాచింది. మంగవ్వ ఇవ్వలేదు.

"కుక్కను నువ్వు తీస్కపో. గిది నాకుండనియ్."

"నీకు సదువు రాదు గద అత్తమ్మా."

"సదువనీకి గాదు."

గంగామణి చెయ్యి వెనక్కు తీసుకుంది. అయినా మనసులో ముల్లు పోలేదు. "మరి పోచంపాడ్ కాడ ఆపుమన్నదెందుకు?"

"పోయినంక తెలుస్తది. ఏం గాదు, పో."

మళ్లీ అదే మాట.

మరునాడు లారీ ఎక్కినప్పుడు గంగామణి కుక్క తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. కార్డు రవికెలో పెట్టుకుంది. పోచంపాడ్ రాగానే చంద్రయ్య లారీ పక్కకు ఆపాడు.

"తాడు ఇడువు చెల్లె, కిందికి దించుదం."

"ఇడువ."

"ఏం గాదే!"

"గా మాట అనకు అన్నా."

చంద్రయ్య తల గోక్కుని, ఖాళీ బకెట్ పట్టుకుని ఒడ్డు దిగాడు. నీళ్లతో వచ్చాడు. "గీ నీళ్లు దాని మీద పోసి, నీ ఏడ్పు గీడనే ఇడిశిపెట్టి పో అని చెప్పాల్నంట. కుక్కకు మన మాట తెలుస్తదా పెద్దమ్మా అని అడిగిన. నీకన్న ఎక్కువనే తెలుస్తది అన్నది."

గంగామణి బకెట్‌లో వేలు ముంచి చూసింది. చల్లని నీళ్లు, అంతే. లడ్డును దించి తనే పోసింది. వారమంతా కల్లంలో పసుపు కొమ్ముల మీద పడుకున్న కుక్క, ఒంటి నిండా పసుపే. అది గట్టిగా విదిలించుకునేసరికి ఆమె చీరంతా పసుపు చుక్కలు పడ్డాయి.

"మాట చెప్పలే నువ్వు" అని చంద్రయ్య గుర్తుచేశాడు.

గంగామణి వంగి కుక్క తడి చెవి దగ్గర మెల్లగా అంది. "ఏడ్పొస్తే ఏడువు. నేను వింట."

లారీ వంతెన ఎక్కింది. గంగామణి మణికట్టు మీది తాడు ఒక చుట్టు విప్పింది. రెండోది గేటు దాకా ఉండనీ అనుకుంది.