చివరి సెక్షన్‌లో కెమిస్ట్రీ

ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ పరీక్షలో నేను గంటన్నర సేపు ఒకే ప్రశ్న మీద కూర్చున్నాను. ఎనిమిది మార్కుల ప్రశ్న. అందులో హైడ్రోజన్ పరమాణువు కక్ష్యల బొమ్మ గీయాలి. కంపాసు జారి రెండో వలయం వంకరపోయింది. చెరిపి మళ్లీ గీశాను. మరక కనిపిస్తోందని పేజీ మొత్తం కొట్టేసి కొత్త పేజీలో మొదలుపెట్టాను. ఏ పనీ సగంలో వదల్లేని మనిషిని. ముగ్గులో ఒక్క చుక్క తప్పినా వాకిలంతా మళ్లీ కడిగేదాన్ని.

నాలుగు మార్కులవి రెండు రాసి తల ఎత్తేసరికి పావుగంటే మిగిలింది. రెండు మార్కుల ప్రశ్నలు పదికి పదీ అలాగే ఉన్నాయి. అన్నీ నాకు వచ్చినవే. నాలుగు రాశానో లేదో, ఇన్విజిలేటర్ నా చేతి కింద నుంచి పేపరు లాక్కున్నాడు.

అరవైకి ఇరవై నాలుగు వచ్చాయి. పాసయ్యాను. కానీ నంద్యాలలో నేను చదివే కాలేజీలో మార్కుల్ని బట్టి సెక్షన్లు. నన్ను మొదటి సెక్షన్ నుంచి తీసి చివరి దాంట్లో వేశారు. మళ్లీ రాసి మార్కులు పెంచుకోవాలని వేసవంతా హాస్టల్లోనే ఉంచేశారు.

కిటికీలకు ఇనుప జాలీలు. మెట్ల దగ్గర తాళం. మే నెల ఎండకు స్లాబు కాగి, మధ్యాహ్నం స్టడీ అవర్‌లో పుస్తకం మీద చెమట చుక్కలు రాలేవి. జాలీలోంచి ఆళ్లగడ్డ బోర్డు పెట్టుకున్న బస్సులు కనిపించేవి. ఎక్కితే గంటలో ఇంట్లో ఉంటాను. ఎక్కే దారి లేదు.

ఒక ఆదివారం నాయన చూడటానికి వచ్చాడు. ఆయనది ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే పని. స్నానం చేసి వచ్చినా చెవుల వెనక రాతిపొడి ఉండేది.

"నన్ను తీసుకుపో నాయనా. ఇంట్లోనే సదువుకుంటా."

"ఇంట్లో ఏం సదువుతావు మే? పొద్దస్తమానం సుత్తి సప్పుడు. ఈడ సార్లుండారు."

"ఈడ ఊపిరాడల్యా."

"నాకు సదువు ల్యా. ఏం చెప్పాల్నో తెలీదు. వాళ్లు చెప్పినట్టు చెయ్ మే," అని జొన్నరొట్టెల మూట నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆయన మీద కోపం కూడా రాలేదు. అదే ఇంకా కష్టమనిపించింది.

చివరి సెక్షన్‌కు కెమిస్ట్రీ చెప్పే మేడమ్ రోజూ బేతంచెర్ల నుంచి బస్సులో వచ్చేవారు. నా వారం పరీక్ష పేపరు మొదటి నుంచి చివరి దాకా చదివి, "ఇంత తెలిసినదానికి ఇరవై నాలుగేంది మే?" అన్నారు. జరిగింది చెప్పాను. ఆవిడ తన చేతి వాచీ విప్పి నా బల్ల మీద పెట్టారు.

"మొదట రెండు మార్కులవి పదీ, ముప్పై అయిదు నిమిషాలు. నాలుగు మార్కులవి ఆరు, గంట. ఎనిమిదివి రెండు, యాభై నిమిషాలు. మిగిలింది సరిచూసుకోనీకి. టైమైతే పెన్ను ఎత్తాల. వాక్యం సగంలో ఉన్నా సరే, జాగా వదిలి ముందుకు పో."

మొదటి రోజు ఆవిడ "ఎత్తు" అన్నా నేను రాస్తూనే ఉన్నాను. పెన్ను లాగేసుకున్నారు. అందరి ముందూ ఏడుపొచ్చింది.

"అయిపోకుండా వదల్లేను మేడమ్."

"తెలుసు. అందుకే చేయిస్తాండా. బాగలేని బొమ్మకు అయినకాడికి మార్కులేస్తారు. రాయని జవాబుకు ఎవురేస్తారు?"

మూడు వారాలు రోజూ అదే పని. సగంలో ఆపిన వాక్యాలు నన్ను వదిలేవి కావు. భోజనాల గదిలో ముద్ద నోట్లో పెట్టుకుంటూ వాటిని మనసులో పూర్తి చేసుకునేదాన్ని.

రెండోసారి పరీక్షలో అణువుల ఆకృతుల ప్రశ్న వచ్చింది. ఒక బొమ్మ వంకరగా పడింది. చెయ్యి రబ్బరు మీదికి పోయింది. గోడ గడియారం చూశాను. ఆ ప్రశ్నకు పెట్టుకున్న సమయం అయిపోవచ్చింది. బొమ్మ అలాగే వదిలేసి తర్వాతి ప్రశ్నకు పోయాను. చివర్లో అరగంట మిగిలింది. ఒక లెక్క జవాబుకు యూనిట్ రాయలేదని అప్పుడే కనిపెట్టాను.

యాభై ఆరు వచ్చాయి.

మర్నాడే నన్ను మొదటి సెక్షన్‌కు మార్చారు. అక్కడ స్టడీ అవర్ ఇంకో రెండు గంటలు ఎక్కువ. ఇంటికి ఫోను పదిహేను రోజులకు ఒకసారే. చివరి సెక్షన్‌లోనే ఉంటానని అడిగితే ప్రిన్సిపాల్ నవ్వారు. "మార్కులొచ్చినాక కింద ఎవరుంటారమ్మా?"

మేడమ్ మెట్ల దగ్గర కనిపించారు, భుజాన సంచితో, బస్సు తొందరలో.

"నన్ను మీ క్లాసులోనే ఉంచమని చెప్పండి మేడమ్."

"చెప్పినా మే. నా మాట ఎవురింటారీడ?" అని నా భుజం తట్టి దిగిపోయారు.

రెండో ఏడాది కూడా ఆవిడ లెక్క ప్రకారమే రాశాను. అరవైకి యాభై ఎనిమిది. ఆ ఏడాదంతా ఆవిడతో మాట్లాడింది రెండు మూడు సార్లే, అదీ వరండాలో. ఫలితాలొచ్చిన రోజు నాయన ఏం కావాలో అడగమన్నాడు. నిద్ర కావాలన్నాను. ఆయన నవ్వలేదు. రెండు రోజులు ఇంట్లో నన్నెవరూ లేపలేదు.