చేపలు పడని ఆదివారాలు

ఆదివారం మధ్యాహ్నం మా ఆయన చెరువు నుంచి రాగానే నేను ముందు సంచీ చూసేదాన్ని. సంచీలో చేప ఉంటే సరే. లేకపోతే ఆయన చెయ్యి లాగి వాసన చూసేదాన్ని, ఆ పూట ఇంట్లో కురుక్షేత్రమే. కట్టుకున్న మనిషిని నమ్మలేక చేపల్ని నమ్ముకున్న ఇల్లు సికింద్రాబాద్ మొత్తంలో మాదొక్కటే అయ్యుంటుంది.

ఆయనకు ముప్పై ఏళ్ళ సిగరెట్ అలవాటు. పోయినేడు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశాక డాక్టరు ఆయన ముందే నాతో చెప్పాడు, "ఇంకొక్క సిగరెట్ కూడా వద్దమ్మా. ఈసారి వస్తే నా దగ్గరికి తెచ్చే టైమ్ కూడా ఉండదు" అని. ఆయన బుద్ధిగా తలూపాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి కాపలా మనిషినయ్యాను. చొక్కా జేబులు వెతకడం, బాత్రూమ్ కిటికీ దగ్గర పొగ వాసన పీల్చడం, పాన్ డబ్బావాణ్ణి ఆరా తీయడం. మిషన్ మీద జాకెట్లు కుట్టి కుట్టి కుడి భుజం పట్టేసిన దాన్ని, నాకు ఇదొక అదనపు డ్యూటీ. నిజం చెప్పొద్దూ, అలిసిపోయాను. జ్వరం వచ్చినా సెలవు దొరకని ఉద్యోగం అది.

ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే. నేరేడ్‌మెట్‌లో మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఒక చెరువుంది. ఆదివారం పొద్దున నూనె తీసేసిన పల్లిచెక్క, తౌడు, కాస్త సోంపు పొడి తడిపి ఎర పిండి ముద్ద చేసుకుని, డబ్బాలో పెట్టుకుని, గాలం పట్టుకుని పోయేవాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా రెండు మూడు నెలలు రవ్వ చేపలు బాగానే తెచ్చాడు.

ఆ పల్లిచెక్క కోసమే ఒకసారి మోండా మార్కెట్‌లో గాలాలు, దారాలు అమ్మే ముసలి చాచా దుకాణం దగ్గర ఆగాను. మాటల్లో మాటగా చాచా అన్నాడు:

"చాపకు కండ్లకన్న ముక్కు తేజ్ అమ్మా. సిగరెట్ తాగిన చేత్తోని గాలం ముట్టుకుంటే నీళ్ళల్ల దానికి ఎరుకైతది. దగ్గరికి సుత రాదు. పెట్రోలు, సబ్బు, సెంటు గూడ గంతే. అందుకే చెరువు మట్టితోని చేతులు రుద్దుకోమని చెప్త మా గిరాకీలకు."

ఆహా, జీతం అడగని కాపలాదారు దొరికింది అనుకున్నాను. చేప పడితే తాగనట్టు, పడకపోతే తాగినట్టు. పైగా పరీక్ష పక్కాగా ఉండాలని ఇంకో తెలివి కూడా చూపించాను. ఇంటి నుంచి పిండి శుభ్రంగా పోతే, చెరువు దగ్గర ఆయన ఏం చేశాడో చేపలే చెప్తాయి కదా! "నీ సిగరెట్ చేతులు పిండికి వద్దయ్యా, ఇగ నుంచి నేనే కలుపుత" అన్నాను. ఆయన డబ్బా నా చేతిలో పెట్టాడు.

ఆ ఆదివారం సంచీ ఖాళీ. మరుసటి ఆదివారమూ ఖాళీ. మూడోసారి నాకు ఒళ్ళు మండింది.

"నిజం చెప్పు. గట్టు మీద కూసొని తాగుతున్నవ్ గద?"

"లేదే. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టేస్తే పోయేది నేనే గద, నీకేంది! చెయ్యి ఇటు పెట్టు."

పెట్టాడు. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. "అంటే కడుక్కొచ్చినవన్నమాట" అన్నాను. దానికి ఏ మనిషైనా ఏం జవాబు చెప్తాడు? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాడని అనుకున్నాను. కుక్క తోక వంకర అని ఎదురుగానే అన్నాను కూడా. ఇప్పుడు తల్చుకుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

అట్లా రెండు నెలలు నడిచింది. రాను రాను నేను అడగకముందే ఆయన గుమ్మంలోనే చెయ్యి చాపేవాడు. వాసన చూస్తే ఏమీ దొరికేది కాదు. దొరకలేదని ఇంకా కోపం వచ్చేది.

పోయిన నెల పల్లిచెక్క అయిపోతే మళ్ళీ చాచా దగ్గరికి వెళ్ళాను. పొట్లం అందిస్తూ ఆయన ముక్కు చిట్లించాడు.

"ఏం రాసుకున్నవమ్మా?"

"నొప్పుల బామ్, చాచా. పొద్దున లేవంగనే రాసుకుంటేనే ఈ భుజం కదుల్తది."

"మరి ఇంట్ల పిండి ఎవరు కలుపుతున్నరు?"

"నేనే."

"యా అల్లా! ఈ చేతుల్తోనా? నాకే కండ్లు మండుతున్నయ్, చాపొస్తదా!"

బస్సులో కూర్చుని నా వేళ్ళు నేనే వాసన చూసుకున్నాను. మూడు పూటలా రాసుకునేదాన్ని, ఆ వాసన నాకు తెలియడం ఎప్పుడో మానేసింది. ఇల్లంతా ముక్కు పెట్టి పొగ కోసం వెతికాను గానీ, నా చేతి వాసన నాకు తగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి రాగానే, సంచీ కింద పెట్టకుండానే మొత్తం చెప్పేశాను. ఆయన టీవీ చప్పుడు తగ్గించాడు.

"నాకెరుకే" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"మొదటి ఆదివారమే. చెరువు కాడ డబ్బా మూత తియ్యంగనే గుప్పుమన్నది."

"మరి చెప్పచ్చు గద! ఇన్ని మాటలు పడుడెందుకు?"

"నేనే కలుపుకుంట అంటే దాంట్ల గూడ అనుమానమే నీకు. బామ్ వాసనంటే రాసుకునుడు బంజేస్తవ్, చెయ్యి లేవక పరేషాన్ అయితవ్. చాపలు పడకుంటే ఏం మునిగింది?" నా వైపు చూడకుండా అన్నాడు. "నువ్వు తిట్టినప్పుడల్ల ఒకటి ముట్టిద్దామనిపించింది. ముట్టియ్యలె."

వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మొన్న ఆదివారం పిండి ఆయన్నే కలుపుకోమన్నాను. కలిపి, చేతులు కడుక్కుని, డబ్బాకు మూత పెట్టాడు. నేను బామ్ సీసా పట్టుకుని భుజం వెనక అందక అవస్థ పడుతుంటే చూసి, సీసా లాక్కుని రెండు వేళ్ళతో తీసి రాశాడు.

"అయ్యో, కడుక్కున్న చెయ్యి గద! ఇగ ఇయ్యాల గూడ పడయ్" అన్నాను.

"పడకుంటే పడకపాయె" అన్నాడు. గాలం తీసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఖాళీ సంచీతో తిరిగొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, నేనేమీ అడగకముందే, అలవాటుకొద్దీ కుడి చెయ్యి నా ముక్కు ముందుకు చాపాడు.