పద్మ గొంతు మీద నేను రాసిన రిపోర్టు

2003లో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్యూటీ ఇంజనీరుగా ఉన్నప్పుడు, మైకుల బాధ్యత కూడా నాకే అప్పగించారు. ప్రమాద హెచ్చరికలు ముందే రికార్డు చేసి, కంట్రోల్ రూములోని కంప్యూటర్ నుంచి ప్లాంటంతటా వినిపించేవాళ్లం. ఆ గొంతు హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసు గుమాస్తా పద్మది. ఇస్నాపూర్ అమ్మాయి, మాట స్పష్టంగా ఉంటుందని ఆమెను ఎంపిక చేశారు.

ఆ ఏడాది మాక్ డ్రిల్‌లో, అంటే ప్రమాదం వచ్చినట్టు నటించే కసరత్తులో, తూర్పు గేటుకు రమ్మన్న ప్రకటన ఎవరికీ అర్థం కాలేదు. సగం మంది ఇట్టే అంటుకునే సాల్వెంట్ ట్యాంకుల వైపే పరుగెత్తారు. నిజంగా మంటలు లేచి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు. ప్లాంట్ మేనేజర్ కారణం రాసి ఇమ్మన్నారు.

నేను యాంప్లిఫయర్, వైర్లు, హారన్లు అన్నీ పరీక్షించాను. లోపం దొరకలేదు. పద్మను పిలిచి అడిగాను.

"నేను రికార్డు చేసిన కంప్యూటర్ల మంచిగనే ఇనొస్తది సార్. కంట్రోల్ రూమ్‌ల పెట్టినంకనే గరగర అంటది. జెర ఒక్కపారి అక్కడ ఇని సూడుండ్రి" అన్నది.

నేను వెళ్లి వినలేదు. పద్మ ఉచ్చారణ స్పష్టంగా లేదని రాసి సంతకం పెట్టాను. వారంలోపే ఆమెను ప్యాకింగ్‌కు మార్చారు.

కొత్తగా పర్సనెల్ విభాగంలోని ఒకాయన చేత రికార్డు చేయించాం. ఆయన గొంతూ అట్లాగే గరగరలాడింది. అప్పుడు కంట్రోల్ రూము కంప్యూటర్ ముందు కూర్చున్నాను. భోజన విరామంలో పాటలు వేయడానికి నేనే అందులో ఒక పెద్ద ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉన్నాను. తెర మీద రంగులు ఆడుతుంటాయి, బాస్ మోత చివరిదాకా పెంచి ఉంది, అది చాలదన్నట్టు పెద్ద హాలులో మోగినట్టు ప్రతిధ్వని. ఆ పాత యంత్రం అంత పని మోయలేక మధ్యమధ్య మాట మింగేస్తోంది. దాన్ని తీసేసి చిన్న ప్లేయర్ పెట్టాను. తెరవడం, మోగించడం, ఆపడం తప్ప దానికి ఇంకేమీ రాదు. ఫైలును మొత్తం మెమరీలోకి తీసుకుని, ఏమీ కలపకుండా వినిపిస్తుంది.

పద్మ పాత రికార్డింగే వేసి చూశాను. ట్యాంకుల దగ్గర నిలబడ్డా ప్రతి అక్షరం వినిపించింది.

సాఫ్ట్‌వేర్ మార్చానని మేనేజర్‌తో చెప్పాను. పాతదాన్ని మొదట పెట్టింది నేనేనని చెప్పలేదు. ఆయన మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. నేను తల వంచుకుని టీ తాగాను.

మర్నాడు ప్యాకింగ్ హాలుకు వెళ్లి పద్మతో, తప్పు నీది కాదు, మళ్లీ టైమ్ ఆఫీసుకు రమ్మన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తది సార్? మీరు రాసింది అందరు సదివిన్రు. ఈడ నన్ను బొంగురు పద్మ అంటున్రు. ఇగ నేను మైకుల మాట్లాడ" అని లేబుళ్ల వైపు తిరిగింది.

లోపం వెతికేటప్పుడు నేను చేర్చినదాన్నే ముందు తీసి చూడాలని ఆ తర్వాత ఉద్యోగమంతా పాటించాను. మనిషి మీద కాగితంపై వేసిన మాటను కాగితంపైనే వెనక్కి తీసుకోవాలన్నది కూడా ఆ రోజే తెలిసింది. నేను రిటైరైన నాటికి ఆ రిపోర్టు ఆమె ఫైలులోనే ఉంది.