అత్తమ్మ పోసిన గోదారి నీళ్లు

మా బండి ఇంజిన్ పగిలిందంటే చాలామంది నమ్మలేదు. ఇంజిన్ ఆగిపోతుంది, పొగ కక్కుతుంది, అంతేగానీ కుండలా పగలడమేమిటని అడిగారు. షోరూము వాళ్లను నేనూ అదే అడిగాను, కాకపోతే కాస్త గట్టిగా. పగిలింది సిలిండర్ హెడ్ అన్నారు. ఇంజిన్ మీద మూతలా కూర్చునే లోహపు దిమ్మ అది. దానిలో ఒక పక్క మంట, ఇంకో పక్క ఆ వేడిని చల్లార్చే కూలెంట్ ఉంటాయి. మధ్య గోడలో వెంట్రుక వాసి పగులు వచ్చినా ఇది అందులోకి, అది ఇందులోకి పోతుంది. ఇక బండి కదలదు.

ములకలపల్లి చుట్టుపక్కల సంతల్లో ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, చింతపండు, ఎండుచేపలు అమ్ముకునే వాళ్లం మేము. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఊరి సంత. ఏళ్ల తరబడి కిరాయి బండ్ల వెనక తిరిగి తిరిగి, చివరికి సొంతంగా ఒక ట్రాలీ బండి కొనుక్కున్నాం. నడపడం మా ఆయన పని, బేరం నా పని. నోరున్నదాన్ని బేరానికీ, నోరు లేనివాణ్ని స్టీరింగుకూ పెట్టి దేవుడు మంచి పనే చేశాడని మా అత్తమ్మ నవ్వేది. నలుగురిలో నా నోటిని మెచ్చుకున్న మనిషి ఆవిడ ఒక్కతే.

ఎండాకాలం మొదట్లో ఒక సంత నుంచి తిరిగి వస్తుంటే అడవిదారిలో ఎత్తు ఎక్కలేక బండి మొరాయించింది. స్టీరింగు దగ్గర ఎర్రదీపం వెలిగింది, వెనకనుంచి తెల్లటి పొగ. మా ఆయన వెంటనే ఇంజిన్ ఆపేశాడు. పక్క ఊరి ఆదివాసీ గూడెం నుంచి మనుషులు వచ్చి బండిని దారి పక్కకు తోశారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది మాకు సగమే అర్థమైంది. కానీ మిగిలిన బస్తాలు దింపి, తమ ఇంట్లో పెట్టుకుని, మేము మళ్లీ వచ్చేదాకా ఒక్క ఉల్లిగడ్డ కూడా తగ్గకుండా కాపాడారు. ఎవరో ఒకామె నాకు చల్లటి జావ ఇచ్చింది. ఆమె ముఖం ఇప్పుడు గుర్తులేదు, జావ రుచి మాత్రం ఉంది. ఆ ఊరి సంతలో ఇప్పటికీ నేను తూకం మొగ్గేలా వేస్తాను.

బండిని ఖమ్మం షోరూముకు లాక్కెళ్లాం. వారంటీ ఉంది కదా, మనకేం భయం అనుకున్నాం. బండి విప్పిన తర్వాత అక్కడి సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు బయటికొచ్చి, కూలెంట్ డబ్బా అడుగున బురద ఉందన్నాడు.

"బయటి నీళ్లు పోసిన్రా మేడం? పోస్తే వారంటీ రాదు. కంపెనీ ఇంజనీర్ వచ్చి చూస్తరు, ఆయన ఏది రాస్తే గదే."

"మా బండిల బురదేంది? మీ షెడ్డుల పడ్డదేమో చూసుకోండి" అని లేచాను. మా ఆయన నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం వింతేమీ కాదు కనుక నేను పట్టించుకోలేదు.

ఆ రోజు అన్నాలు తింటూ, బురద సంగతి చెప్పి షోరూము వాళ్లను తిడుతున్నాను. అత్తమ్మ ముద్ద కలపడం ఆపేసింది.

"నేనే పోసిన బిడ్డా" అంది.

కొత్త బండిని భద్రాచలం తీసుకెళ్లి పూజ చేయించడం మా వైపు మామూలే. మేమూ చేయించాం. ఆ రోజు నేను కొబ్బరికాయల దుకాణం దగ్గర బేరంలో మునిగి ఉన్నాను. వానాకాలం, గోదారి ఎర్రగా పారుతోంది. అత్తమ్మ రేవులో చెంబు ముంచి తెచ్చి, బండి చక్రాల మీద చల్లి, మిగిలినవి ఇంజిన్ దగ్గరున్న డబ్బాలో పోసిందట.

"తల్లి నీళ్లు కడుపుల ఉంటే బండి సల్లగుంటదనుకున్న. గిట్లయితదని నాకేం ఎరుక?"

నేను తల పట్టుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే కాస్త నవ్వే వచ్చింది. కానీ మా ఆయన తింటున్న కంచం వదిలేసి, చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. అత్తమ్మ ఆయన వెళ్లిన గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఇంట్లో బతుకు బతుకులా లేదు. ఆయన తల్లి ముఖం చూడడం మానేశాడు. ఆమె ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాడు. అత్తమ్మ అన్నం ముందు కూర్చునేది, రెండు ముద్దలు తిని లేచేది. "కొడుకు పొట్ట మీద కొట్టిన" అని తనలో తను గొణుక్కునేది. ఒకరోజు నేను ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ముసలామె తెల్వక చేసింది. కన్నతల్లితోటి ఒక్క మాట మాట్లాడితే నీ నోట్ల ముత్యాలు రాలుతయా?"

ఆయన బీడీ ముట్టించుకుని పెరట్లోకి పోయాడు. రాయితో తగవులాడినా అంతకంటే జవాబు వచ్చేదేమో.

సంతలు మాత్రం ఆగలేదు. ఖమ్మం మార్కెట్లో మేము ఉల్లిగడ్డ కొనే ముస్లిం సేటు ఉన్నాడు, వాళ్ల తాతల నుంచీ అదే వ్యాపారం. సంగతి తెలిసి, అటువైపు వెళ్లే తన బండిలోనే మా బస్తాలు కూడా వేయించాడు. కిరాయి ఎంత ఇవ్వాలంటే కసురుకున్నాడు. "నా బండి ఎట్లయినా పోతున్నది గదా చెల్లె. నీ బస్తాలు ఎక్కితే బండేమన్న కుంటుతదా?" అన్నాడు. ఆ మనిషి వల్ల మా పొయ్యి ఆరలేదు. అందుకే బండి గురించి నాకు అంత బెంగ లేదు. పోతే మళ్లీ కిరాయి బండ్లలో తిరుగుతాం, అలవాటైన బతుకే. నా భయమంతా అత్తమ్మ గురించి. వారంటీ రాదని ఇంజనీర్ చెప్పాడంటే, బండిని పగలగొట్టింది ఆవిడేనని తేల్చినట్టే. ఆ మాట మోసుకుంటూ ఆవిడ బతకలేదు.

ఇంజనీర్ వస్తున్నాడని ఫోను వచ్చింది. నేను ఉపాయం చెప్పాను. "అత్తమ్మా, నువ్వు ఇంటికాడుండు. బురద ఎట్లొచ్చిందో మాకెరుక లేదని నేనంట. మిగతాది నేను చూసుకుంట."

"నువ్వు చూసుకుంటవని తెలుసు. గని నేనొస్త" అంది. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. ముగ్గురం బస్సెక్కాం.

ఇంజనీర్ నడివయసు మనిషి, కళ్లజోడు, చేతిలో లాప్‌టాప్. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ వెళ్లి ఆయన ముందు నిలబడింది. గోదారి, చెంబు, డబ్బా, ఏదీ దాచకుండా అంతా చెప్పేసింది. నా ఉపాయం గంగలో కలిసింది.

"మూత ఎవరు తీశారమ్మా?" అని ఆయన అడిగాడు.

"నేనే తీసిన."

"బానెట్?"

"అదీ నేనే."

ఇంజనీర్ ఒకసారి మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల చూస్తున్నాడు. ఇంజనీర్ ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయాడు.

మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. లోపల ఏవో సుత్తి చప్పుళ్లు, గాలి మిషను మోత. అత్తమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ని తలుచుకుంటోందో. నాకు తెలిసిన దేవుళ్లందరికీ నేనూ మొక్కాను, బేరం ఆడకుండా.

చాలాసేపటికి ఇంజనీర్ బయటికొచ్చి, అడ్వైజర్‌తో కాదు, నాతో కాదు, అత్తమ్మతో మాట్లాడాడు.

"అమ్మా, బయటి నీళ్లు పోయకూడదు. ఇంకెప్పుడూ పోయకండి. కానీ ఈ పగులు ఆ నీళ్ల వల్ల వచ్చింది కాదు. హెడ్ తయారీలోనే లోపం ఉంది. కొత్తది కంపెనీ వేసిస్తుంది."

నేను ఎగిరి గంతేయబోయాను. అత్తమ్మ మాత్రం కదల్లేదు. ఆయన ముఖంలోకి తేరిపార చూసింది.

"బిడ్డా, నన్ను చూసి చెప్తున్నవా, ఇంజిన్‌ను చూసి చెప్తున్నవా?"

"రండి" అని ఆయన షెడ్డు వైపు తిరిగాడు. షెడ్డులోకి బయటివాళ్లు రాకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆయనే ఆవిడ చేయి పట్టుకుని, నూనె మరకల మీద జారకుండా నడిపించుకుని తీసుకెళ్లాడు. మేము వెనక నడిచాం.

విప్పిన హెడ్ బల్ల మీద ఉంది. దాని మీద ఎర్రరంగు పూసి, తుడిచేసి, పైన తెల్లటి పొడిలాంటిది చల్లాడు. కాసేపటికి ఆ తెలుపులోంచి సన్నటి ఎర్రగీత పైకి తేలింది. అదే పగులు. ఆ గీత మొదలైన చోట సూదిమొన అంత గుంట ఉంది. లోహాన్ని కరిగించి అచ్చులో పోసినప్పుడే అక్కడ గాలి బుడగ చిక్కుకుందని చెప్పాడు. ఇంజిన్ ఎప్పుడెంత వేడెక్కిందో బండిలోని కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుందట, అదీ చూపించాడు. మా బండి ఆ ఎర్రదీపం వెలిగిన రోజు వరకూ ఏనాడూ హద్దు దాటి వేడెక్కలేదు. బురద డబ్బా అడుగునే పేరుకుంది, పగులు దరిదాపుల్లో లేదు.

అత్తమ్మ ఆ గుంట మీద గోరు పెట్టి చూసింది. "గిది బండి కొనకముందే ఉన్నదా?"

"అవునమ్మా. బండి పుట్టినప్పుడే ఉంది."

ఆయనకు ఆ రోజు ఇంకెన్ని బండ్లు చూడాల్సి ఉందో నాకు తెలియదు. వారంటీ వస్తుందన్న ఒక్క ముక్కతో ఆయన పని అయిపోయినట్టే. చదువురాని ముసలామెకు నమ్మకం కలిగించాల్సిన అవసరం ఆయనకు లేదు. అయినా కలిగించాడు. ఆయన పేరు అడగాలని కూడా తోచలేదు నాకు. ఎక్కడున్నా ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

బయటికొచ్చాక అత్తమ్మ రేకుల షెడ్డు నీడలో కూలబడింది. మా ఆయన వచ్చి ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఎన్నాళ్లకో ఆమె కళ్లలోకి చూశాడు.

"మూత నేను తీసిన గదమ్మా" అన్నాడు. "నువ్వు అడిగితే బానెట్ లేపింది నేను. పోయద్దని తెలుసు నాకు. గని నీ మాట కాదనలేక తీసిన. నువ్వెందుకు నీ మీదేసుకున్నవ్?"

బానెట్ ఎక్కడ నొక్కితే లేస్తుందో అత్తమ్మకే కాదు, నాకూ తెలియదు. అంత పొద్దూ ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"ముసల్ది తెల్వక చేసిందంటే కంపెనీవోళ్లు ఊకుంటరు" అంది అత్తమ్మ. "ఓనరే చేసిండంటే ఊకుంటరా? గందుకే నేనే అన్న."

"నీ మీద పడనిచ్చి, నేను నోరు మూసుకున్న. నీ మొకం చూడాలంటే పానం ఒప్పలే."

అత్తమ్మ కొడుకు గడ్డం పట్టి ముఖం పైకెత్తింది.

"సిగ్గుతోటా నువ్వు మాట్లాడనిది? నేను కోపం అనుకున్న బిడ్డా. ఇన్ని దినాలూ కోపమే అనుకున్న."

మా ఆయన అక్కడే, మెకానిక్కులందరూ చూస్తుండగా, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఎవరూ నవ్వలేదు. అత్తమ్మ ఆయన చేతులు తీసి, కొంగుతో ముఖం తుడిచింది. తర్వాత నా వైపు తిరిగి, దగ్గర్లో అన్నం హోటలు ఎక్కడుందని అడిగింది.

"బాగ ఆకలైతుంది పిల్లా" అంది.