చిన్న సీసాలలో ద్రాక్షారసం

భైంసా దారిలోని ఆ చిన్న ఊరి సంఘంలో ప్రభుబల్లకు ద్రాక్షారసం సిద్ధపరచే బాధ్యత చాలాకాలంగా మగ్దలేనమ్మది. మాఘమాసం వెళ్లేనాటికి నాందేడ్ వైపు నుండి ద్రాక్షపండు దిగేది. దానిని కడిగి, పిసికి, పులియబెట్టి, వడగట్టి, ఒకే పెద్ద గాజు జాడీలో అంచు దాకా నింపి, మూతి చుట్టూ మైనం పోసేది. క్రిస్మస్ దాకా ఎవ్వరినీ ముట్టనిచ్చేది కాదు.

కిందటేడు సంఘ కార్యదర్శి సాల్మన్ ఆ జాడీని తన యింటికి తెప్పించి, ఇంటింటి ప్రార్థనలకు పంచడం సులువని రసాన్ని టానిక్కు సీసాలలోకి పోయించాడు.

"సాల్మన్, పెద్ద జాడీల ఉంటేనే అది మెల్లగ మాగుతది. సీసా ఏదైనా మెడకాడ గాలి గంతనే ఉంటది. రసం తక్కువున్నకాడ గా గాలే దాన్ని జల్ది తింటది" అని మగ్దలేనమ్మ చెప్పింది. అతడు నవ్వి సీసాలకు మూతలు బిగించాడు.

క్రిస్మస్ నాటికి రసం నోట పెట్టలేనంత పులిసి సిర్కా అయింది. అప్పుడు సాల్మన్ అందరి ముందూ, "ఆమె చేతుల శుభ్రం లేదు. వచ్చేయేడు మా గ్రేస్ చేస్తది" అన్నాడు. ఆ మాటతో పెళ్లి వంటలకు ఆమెను పిలిచేవాళ్లు మానుకున్నారు. పోయిన పేరును ఎట్లా రాబట్టాలన్నదే నాటినుండి ఆమె ధ్యాస.

ఈ ఏడు ద్రాక్ష దిగిన వారానికే సాల్మన్ భార్య గ్రేస్ మగ్దలేనమ్మ పెరటి గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, నాకు చెయ్యరాదు. జర నువ్వే చేసిపెట్టు. పేరు నాదే చెప్పుకుంట. ఆయన చిన్న సీసాలల్లనే పొయ్యమన్నడు."

"పొయ్యమంటే పోస్త బిడ్డా. నాదేం పోయింది."

మునుపెన్నడూ చేయనంత శ్రద్ధగా చేసింది. కొంత చిన్న సీసాలకెత్తి గ్రేస్‌కిచ్చింది. మిగిలినది తన జాడీలో అంచు దాకా నింపి దాచింది. దసరా వెళ్లాక, తనకని ఉంచుకున్న ఒక్క చిన్న సీసా విప్పి నాలుక తడిపింది. పులుపు గొంతు పట్టింది. జాడీలోనిది గరిటెడు తీసి చూస్తే కమ్మగా మాగుతూ ఉంది. గ్రేస్‌కు చెప్పడానికి ఇంకా వ్యవధి ఉంది. జాడీకి మళ్లీ మైనం పోసి, మూలకు జరిపి ఊరుకుంది.

క్రిస్మస్ ఆరాధనలో పాస్టరు దేవదాస్ గిన్నె పెదవులకు తాకించి ఆగిపోయాడు. "ఇది ఎవ్వలు చేసిండ్రు?"

గ్రేస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజం చెబితే తన అబద్ధం బయటపడుతుంది. భార్య తలవంపులు చూడలేక సాల్మన్ లేచాడు.

"మా ఇంటామె తప్పేం లేదు. చిన్న సీసాలల్ల పోస్తే గిట్లనే అయితది."

వెనుక వరుసలో ముసలి బక్కయ్య గొంతు సవరించుకున్నాడు. "అట్లనా కొడుకా. మరి పోయినేడు మగ్దలేనమ్మ జాడీకెళ్లి చిన్న సీసాలల్ల పోసిందెవ్వలు?"

సాల్మన్ కూర్చోలేక, నిలబడలేక బల్ల అంచు పట్టుకున్నాడు. ఆడవాళ్లంతా మగ్దలేనమ్మ వైపు తిరిగారు. ఆమె తీరికగా పాటల పుస్తకం తెరిచింది.

పాస్టరు ఆ పని తిరిగి చేపట్టమని బతిమాలితే ఆమె ఒక్క షరతు పెట్టింది: "ద్రాక్ష సాల్మన్ తేవాలె. మా వాకిట్లకు, ఆయనే మోసుకొని."

మాఘం చివర సాల్మన్ పెట్టె భుజానికెత్తుకొని వచ్చాడు. బజారంతా చూస్తూనే ఉంది. మగ్దలేనమ్మ ఎండలో అతణ్ణి నిలబెట్టి, ఒక్క పండు కొరికింది. పండు మేలైనదే.

"పచ్చిగున్నయి. వాపస్ తీస్కపోయి వేరేవి తే" అంది.