గడప ఉన్న చేతికర్ర

ఎనభైల మొదట్లో, ద్వారకా నగర్ బస్ కాంప్లెక్సులో సింహాచలం బస్సు కదలబోతుంటే, నా ముందు నడుస్తున్న యాభై ఏళ్ళ మనిషి ఠక్కున ఆగిపోయాడు. ఆయన చేతికర్ర అడుగున అడ్డంగా ఓ చెక్కముక్క కొట్టి ఉంది. నాకు తొందరెక్కువ. సాయం చేద్దామని చెయ్యి పట్టి లాగాను. నా బూటు కింద పడి ఆ చెక్క ఊడిపోయింది.

"లాగీకు బావా, పడిపోతాను! వణుకుడు జబ్బు నాది. సదును నేల మీద కాలు లెగదు. అడ్డమేదైనా కనబడితే గడపనుకోని లెగిసిపోతాది. సిన్నప్పుడు గడప తొక్కితే మాయమ్మ తన్నీది. ఆ బయం కాలికింకా పోనేదు," అని నవ్వాడు.

చెక్క చేత్తో పట్టుకుని సిగ్గుతో నిలబడ్డాను. కండక్టరు రైట్ రైట్ అంటున్నాడు.

"అదెందుకిప్పుడు? నీ కాలెట్టు, అడ్డంగా."

ఎడమకాలు పెట్టాను. శుభ్రంగా దాటేసి, అదే ఊపులో బస్సెక్కేశాడు.

పక్కన కూర్చున్నాక, మనిషి కాలు దాటినందుకు, నేను వద్దంటున్నా వినకుండా నా మోకాలు తాకి కళ్ళకద్దుకున్నాడు.

అప్పట్నుంచి నా ఎడమకాలంటే నాకు కాస్త మర్యాద.