శుక్రవారం మైలేజీ

మా బావ పెట్రోలులో కలిపే మందొకటి తయారుచేశాడని అక్క ఫోన్లో చెప్పినప్పుడు నేను స్టాఫ్‌రూములో తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. ఆ మందు పోస్తే మోపెడ్ మామూలుకంటే ఎంతో ఎక్కువ దూరం పోతోందట. నాకు నవ్వు రాలేదు, చిరాకు వచ్చింది. పిల్లలకు సైన్సు చెప్పీ చెప్పీ నాకొక పాడు గుణం అంటుకుంది. ఎవరైనా ఏదైనా పనిచేస్తుందంటే, ఎట్లా చూశావు, దేనితో పోల్చి చూశావు అని అడగనిదే నా నోరు ఊరుకోదు. పెళ్లి భోజనాల్లో కూడా అడిగి మాటలు పడ్డాను.

మాది దూది ఏకే ఇల్లు. నమాజు అరబ్బీలో, మిగతా బతుకంతా తెలుగులో. నేను కర్నూలులో ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయాను, అక్కను ఓర్వకల్లు దగ్గర ఊరికి ఇచ్చారు. బావదీ దూది పనే. వాళ్ల నాయన మొదట్లో విల్లుతో ఏకేవాడు, తర్వాత కరెంటు మిషను కొన్నాడు. ఆ మిషనే ఇప్పటికీ ఆ ఇంటికి ఆధారం. బావ దూది ఏకుతాడు, అక్క గుడ్డలో నింపి కుడుతుంది. తయారైన పరుపుల్ని చుట్టి మోపెడ్ వెనక కట్టుకుని బావ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ఇచ్చి వస్తాడు. ఫోము పరుపులు వచ్చాక పని తగ్గింది కానీ, బాలింతలకూ ముసలివాళ్లకూ దూది పరుపే కావాలనేవాళ్లు మా సీమలో ఇంకా ఉన్నారు.

మందు సంగతి అంతటితో అయిపోతే నేను ఊరుకునేదాన్నేమో. అక్క అసలు మాట చివర్న చెప్పింది. బావ మిషను అమ్మేసి, ఆ వచ్చినదాంతో హైవే పక్కన ఒక గది తీసుకుని, మందు సీసాల్లో నింపి అమ్ముతానంటున్నాడు. ఆత్మకూరులో పరుపుల అంగడి పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మిషను కొంటానన్నాడు. నెలాఖరు ఆదివారం వ్యాను తీసుకుని వస్తాడు.

"ఆ మిషను పోతే నేనేం కుట్టల్ల పాపా? ఫోముకు నా సూది దిగుతాదా?" అంది అక్క. "మీ బావ నా మాట యాడ వింటాడు? నువ్వొచ్చి చూడు."

ఆ శనివారమే బస్సెక్కాను. ఆషాఢం గాలి బస్సు కిటికీలను వణికిస్తోంది. ఇంట్లో అడుగు పెట్టగానే పాత బీరువా తలుపు తెరిచినట్టు వాసన. బావ కర్పూరమూ కలరా ఉండలూ నూరి, నీలగిరి తైలంలో నానబెట్టి, గుడ్డలో వడకట్టి సీసాలో పోసి పెట్టాడు. ఫోన్లో ఎవరిదో వీడియో చూశాడట, కానీ నీలగిరి తైలం మాత్రం తన సొంత ఆలోచన. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. ఇన్నేళ్లలో బావ అంత వెలుగుతో మాట్లాడటం నేను చూడలేదు.

"టీచరమ్మా, అనుమానంతోనే వచ్చినావు గదా. అడుగు, ఏమడగల్లో అడుగు."

అడిగాను. బావ నన్ను మోపెడ్ దగ్గరికి తీసుకుపోయి ఒక చీపురుపుల్ల చూపించాడు. దాని మీద కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి. పొద్దున ట్యాంకులో పై గాటు దాకా పెట్రోలు పోసుకుంటాడు. రోజూ తిరిగే ఊళ్లు అవే, దారి అదే. సాయంత్రం పుల్ల ముంచి ఎంత దిగిందో చూస్తాడు. మందు పోసిన రోజు పెట్రోలు కొంచెమే దిగుతుంది. మిగతా రోజుల్లో ఎప్పటిలాగే దిగిపోతుంది. వారాలుగా చూస్తున్నాడు, ఒక్కసారి కూడా తప్పలేదు.

నిజం చెప్పాలంటే గాలిమాటలు చెబుతాడనుకుని వచ్చాను. ఆయన కొలిచి చూపిస్తున్నాడు.

"మరి మందు రోజూ ఎందుకు పోయవు బావా?" అన్నాను.

"మంచి పని యాదైనా జుమ్మా నమాజు చేసొచ్చే మొదలుపెడతా గదా. మొదటిసారి శుక్కురారం పోస్తి, అప్పుట్నుంచి శుక్కురారమే పోస్తాండా. శనివారానికి దాని బలం తగ్గిపోతాది. చిక్కగా నానబెడితే వారమంతా నిలుస్తాదేమో చూడల్ల. నిలవకపోయినా నష్టం లేదులే, కొనేవాళ్లు వారం వారం వస్తారు."

నేను గాలిని అనుమానించాను. ఈ రోజుల్లో పడమటి గాలి మనిషిని వెనక్కి నెట్టేస్తుంది, శుక్రవారాల్లో అది కాస్త తగ్గిందేమో అన్నాను. నాకే ఆ మాట అంత బలంగా వినిపించలేదు. బావ నవ్వాడు.

"గాలికి ఈ దినం శుక్కురారమని తెలుస్తాదా పాపా?"

టీ తాగి కూర్చున్నాను. ఈలోగా ఊళ్లోవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి చిన్న సీసాల్లో మందు పట్టించుకుపోయారు. అందరికీ పనిచేస్తోందట. బావ ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పి పంపాడు, "మందు పోసిన దినం బండి ఉరికియ్యొద్దప్పా, నిదానంగా పోవల్ల, అప్పుడే అది పెట్రోల్లో కలుస్తాది." అది వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. నిదానంగా నడిపితే ఏ మందూ లేకుండానే పెట్రోలు మిగులుతుంది. వీళ్లకు పనిచేసింది సీసా కాదు, ఆ మాట. కానీ ఇది బావ బండికి వర్తించదు. ఆయన ఏ రోజైనా ఎద్దులబండి కంటే కాస్త వేగంగా పోతాడంతే.

బస్సుకు బయల్దేరేటప్పుడు అక్క వాకిలి దాకా వచ్చింది. "మందు పన్జేస్తే నాకూ సంతోషమే పాపా. పన్జేస్తాదో లేదో తేలల్ల. తేలకుండా మిషను పోతే నేను తట్టుకోలేను" అంది. అక్క ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

వేరే రోజు కూడా మందు పోసి చూడమని బావకు చెబుదామనుకున్నాను, వినడని తెలుసు. అందుకని అక్కకు చెప్పాను. సోమవారం పొద్దున బావ పరుపులు కట్టుకునే లోపల అక్క శుక్రవారం పోసేంత మందు ట్యాంకులో పోసింది. ఆ వాసన అప్పటికే ఆయన చొక్కాకూ చేతులకూ పట్టి ఉంది కాబట్టి ఆయనకు తేడా తెలియలేదు. సాయంత్రం పుల్ల ముంచితే ఎప్పటి సోమవారంలాగే అడుగుకు దిగి ఉంది. అప్పుడు అక్క చెప్పేసింది.

బావ కోప్పడలేదట. "నమాజు చేయకుండా పోస్తివి గదా, అందుకేమో" అన్నాడట.

"నమాజు చేసేది నువ్వు, బండి కాదు" అంది అక్క. ఫోన్లో ఈ మాట విని నేను గట్టిగా నవ్వాను. అక్క నవ్వలేదు. ఆయన రాత్రి అన్నం సగం వదిలేసి లేచాడని చెప్పింది.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియలేదు. ఫోన్ చేస్తే అక్క పొడిగా మాట్లాడేది. బావ మిషను దగ్గర పని చేస్తున్నాడని, మధ్యలో లేచి పోయి బండి చుట్టూ తిరిగి వస్తున్నాడని చెప్పేది. మందు మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. మిషను అమ్మకం ఆగిందా అంటే అదీ లేదు. నెలాఖరు ఆదివారం నేను పొద్దున్నే బస్సెక్కాను. పోట్లాడటానికి సిద్ధపడే పోయాను. దారంతా నాలో నేనే వాదించుకుంటూ కూర్చున్నాను.

పోయేసరికి ఆత్మకూరు పెద్దమనిషి వచ్చేసి ఉన్నాడు. వ్యాను వాకిట్లో ఉంది. ఆయన మిషను చుట్టూ తిరిగి, పళ్ల చక్రం తిప్పి చూసి, బావ పక్కన మంచం మీద కూర్చున్నాడు. అక్క గడప దగ్గర నిలబడి కొంగు చివర నలుపుతోంది. నేను నోరు తెరిచే లోపలే బావ మాట్లాడాడు.

"మిషను ఇయ్యనప్పా. ఏమనుకోవద్దు. నా మందు పన్జేయదు."

పెద్దమనిషి నవ్వులాట అనుకున్నాడు. బావ నిదానంగా, నాకు చూపించినట్టే చీపురుపుల్ల తీసి ఆయనకు చూపించాడు. శుక్రవారం వాళ్లింట్లో మిషను ఆపుతారు. అది వాళ్ల నాయన నాటి నుంచి ఉన్న పద్ధతి. ఆ రోజు పరుపు మోయరు, అమ్మరు. నమాజు అయ్యాక బావ ఉత్త బండి మీద అవే ఊళ్లు తిరిగి ఆర్డర్లు అడిగి వస్తాడు. పుట్టినప్పటి నుంచి అట్లాగే చూస్తున్నాడు కాబట్టి శుక్రవారం బండి వెనక ఏమీ ఉండదన్న సంగతి ఆయన కంటికి ఆనలేదు. అక్కకూ ఆనలేదు. ఆ ఇంట్లో పుట్టకపోయినా, ప్రతి శుక్రవారం దూది పని ఆగే ఇంట్లోనే పుట్టిన నాకూ ఆనలేదు. నేను గాలి దగ్గర ఆగిపోయాను.

సోమవారం దెబ్బ తిన్నాక శుక్రవారానికీ మిగతా రోజులకూ తేడా ఏమిటా అని ఆయన వెతికాడట. శుక్రవారం నమాజు చేసొచ్చి, మందు పోసి, కిక్కు కొట్టబోతూ వెనక్కి చూశాడట. సీటు ఖాళీగా ఉంది. దిగి, అక్కను రెండు పరుపులు తెచ్చి కట్టమన్నాడు. శుక్రవారం పూట పరుపు కట్టడం ఆ ఇంట్లో అదే మొదలు. అవే ఊళ్లు తిరిగి వచ్చి పుల్ల ముంచితే, అడుగుకు దిగి ఉంది. మరుసటి శుక్రవారం మందు లేకుండా, పరుపు లేకుండా పోయాడు. పెట్రోలు కొంచెమే దిగింది.

"మందు కాదప్పా. బరువు" అన్నాడు బావ.

"నువ్విచ్చిన సీసా నా వ్యానులో పన్జేస్తాంది గదా" అన్నాడు పెద్దమనిషి.

"నిదానంగా నడపమంటి గదా, అందుకు."

పెద్దమనిషికి కోపం వచ్చింది. మరదలు టీచరు వచ్చి చెడగొట్టిందని నా వైపు చూశాడు. మందు గుట్టు తనకు ఇవ్వకుండా వేరే ఎవరికో పెద్ద ధరకు ఇస్తున్నాడని కూడా అన్నాడు. బావ లోపలికి పోయి మిగిలిన సీసాలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టి, "గుట్టేం లేదు, కర్పూరం, కలరా ఉండలు, నీలగిరి తైలం. ఊరికే తీస్కపో. పన్జేస్తాదని మాత్రం నా పేరు చెప్పొద్దు" అన్నాడు. పెద్దమనిషి సీసాలు వ్యానులో పెట్టించుకునే పోయాడు. ఆయనకు ఇప్పటికీ అది పనిచేస్తోందని విన్నాను.

వ్యాను సందు మలుపు తిరగక ముందే అక్క మిషను స్విచ్చి వేసింది. ఆదివారం చేయాల్సిన పని ఏదీ లేదు. ఊరికే, అది తిరుగుతోందో లేదో చూసుకోవడానికి వేసింది. దూది పొగలాగా లేచింది. అక్క దుమ్ము పోకుండా కొంగు ముక్కుకూ నోటికీ చుట్టుకుంది. కళ్లు మాత్రమే కనిపించాయి, అవి నిండి ఉన్నాయి. నాకు పట్టలేని సంతోషం కలిగింది. గెలిచానన్న సంతోషం కూడా అందులో ఉంది, దాచడమెందుకు.

సాయంత్రం బావ నన్ను మోపెడ్ మీద బస్సు దగ్గరికి తీసుకువచ్చాడు. రోడ్డు పక్క రాళ్లగుట్టల మీద ఎండ వాలుతోంది. ఎయిర్‌పోర్టు వైపు నుంచి లేచిన విమానం చప్పుడుకు ఆయన తల కూడా ఎత్తలేదు. నేను ఏదో ఒకటి మాట్లాడదామని, మంచి పని చేశావు బావా, ఇల్లు నిలబెట్టావు అన్నాను. ఆయన తల తిప్పకుండానే చెప్పాడు.

"పరుపుల పని మా నాయనది పాపా. మిషను మా నాయనది. శుక్కురారం ఆపేది కూడా ఆయన చెప్పిందే. నా తలకాయలోంచి వచ్చింది ఆ మందొకటే అనుకుంటి."

పొద్దున నుంచి నేను లెక్కలో వేసుకోనిది అదే. బస్సు స్టాపు దగ్గర దిగి, ఆయన ఎదురుగా నిలబడి, వెతికి వెతికి ఒక మాట పట్టుకున్నాను. అది అబద్ధం కాదు, నేను నిజంగా నమ్మిన మాటే.

"శుక్రవారం సంగతి పట్టుకుంది నువ్వే కదా బావా. నేను పట్టుకోలేకపోయాను. వీడియోలు చూసే అంతమందిలో ఎవరూ పట్టుకోలేదు. అది నీ తలకాయలోంచి వచ్చిందే."

బావ ఆ మాటను ఆలోచించాడు. ఊరికే తీసిపారేయకుండా, తలూపుతూ నిజంగానే ఆలోచించాడు. నా బస్సు దూరంగా కనిపించింది. ఆయన బండి స్టాండు ఎత్తి, నా వైపు చూసి, ఏ నిష్ఠూరమూ లేకుండా అడిగాడు.

"అది ఎవురికి అమ్మేది పాపా?"